రెండో రాయి

చంచల్‌గూడ జైలు,
16 ఫిబ్రవరి 2025

వకీలమ్మ అభిజ్ఞకు,

మీ నగేష్ మామ రాసే చిట్టీ. నేను పెద్దోణ్ణి కాబట్టి దండం నువ్వే పెట్టాలె. కాని నల్లకోటు ఏసుకున్నవ్ గద, ఈసారికి నేనే పెడుతున్న. తీస్కో.

ఫోన్ల మాట్లాడొచ్చు గద, చిట్టీ ఏంది అంటవేమో. వారంల ఒక్కసారి దొరికే ఫోన్ మీ అమ్మ ఏడ్చుడుకే సరిపోతున్నది. అక్క ఏడుస్తది, నేను గోడ దిక్కు చూస్త, టైమ్ అయిపోయిందంటరు. అందుకే ఆరో తరగతిల బడి ఎగ్గొట్టిన చెయ్యితోని రాస్తున్న. తప్పులు దిద్దకు.

ఇక్కడ మంచిగనే ఉన్న. మొన్న కొత్తగ ఒకాయన వచ్చిండు, బ్యాంకుల పనిచేసెటోడు, కండ్లద్దాలు, మస్తు మర్యాదస్తుడు. పప్పు పోసెటోని ముంగట ఒంటికాలి మీద నిలవడాలె, జైలు రూలు అని చెప్పిన. పాపం నిలవడ్డడు. బరాక్ అంత పడి పడి నవ్వింది. రాత్రి ఆయన గూడ నవ్విండు. వచ్చినకాడికెల్లి అదే మొదటిసారట నవ్వుడు.

ఇగ అసలు ముచ్చట. నిజామాబాద్‌ల కూసొని నా కేసు కాయితాలు చదివినవట. మామ నోటికెల్లి గూడ ఇనాలె అన్నవట. ఇను.

మొన్నటి వినాయక చవితి నాడు పొద్దుగూకంగ చంద్రుణ్ణి చూసిన. కండ్లు కలిసినయి అని అబద్ధం చెప్ప, ప్రతి ఏడు లెక్కనే తల ఎత్తి చూసిన. ఆ నాడు చంద్రుణ్ణి చూస్తె చెయ్యని తప్పు నెత్తి మీద పడతదని, అది పోవాలంటె పక్కోళ్ళ ఇంటి మీద రాయి ఏసి తిట్లు తినాలని మన పెద్దోళ్ళు చెప్పిన్రు గద. నాకు తిట్టెటోడు కైలాసం. ధూల్‌పేట్ కార్ఖానల ఆడు గణపతులను పోస్తడు, నేను రంగులేస్త. చవితి నాడు ఆని రేకుల మీద నేను రాయి ఏస్త, గల్లీ అంత ఇనవడెటట్టు ఆడు తిడతడు, తెల్లారి ఇద్దరం చాయ్ తాగుతం.

ఈసారి రాయి ఏసిన. రేకులు మోగినయి. తిట్టు రాలే. నాకు నవ్వొచ్చింది. నాకే మజాక్ చేస్తుండు, నోరు మూసుకొని నన్ను పరేషాన్ చేస్తుండు అనుకున్న. ఇంకొకటి ఏసిన. గప్పుడు లోపటికెల్లి ఆని పెండ్లాం ఆగమ్మ వదినె ఒర్లింది. ఎన్క దిక్కు నిచ్చెన కాడ కైలాసం పడి ఉన్నడు. తల పగిలింది. దవాఖానకు తీస్కపోయెదాంక గూడ పానం ఆగలే.

గంతే బిడ్డా. నేను రాయి ఏసుడు ఎదురింటి విశాల్ చూసిండు. బందోబస్తుకు వచ్చిన పోలీసోళ్ళు గల్లీ చివర్ననే ఉండిరి. పండుగ పూట మన దిక్కు రాయి అన్న మాట ఇనవడితె లొల్లి మొదలైందని షట్టర్లు పడతయి. గా రోజు గూడ పడ్డయి.

సీజన్ కల్ల బయటికి రావాలె. లేకుంటె ఎవలో వచ్చి గణపతులకు మెల్లకండ్లు పెడతరు.

నీ మామ,
నగేష్


నిజామాబాద్,
2 మార్చి 2025

నగేష్ మామకు,

ఉత్తరం అందింది. అమ్మకు మొత్తం చదివి వినిపించలేదు. ఒంటికాలి కథ మాత్రం చెప్పాను. నవ్వింది, తర్వాత లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకో. నువ్వు రాసేవీ, నేను రాసేవీ జైలు ఆఫీసులో చదివాకే చేతికి వస్తాయి. అందుకని కొన్ని విషయాలు నేను విప్పి రాయను. నువ్వూ రాయకు.

నీ మీద పెట్టింది హత్య కేసు కాదు. దానికంటే ఒక మెట్టు కింద ఉండే నరహత్య కేసు. శిక్ష మాత్రం చిన్నది కాదు, పదేళ్ళ దాకా పడవచ్చు. ఈ నేరం నిలబడాలంటే కోర్టులో కొన్ని అంశాలు రుజువు కావాలి. మనిషి చనిపోయి ఉండాలి. నువ్వు చేసిన పని వల్లే చనిపోయి ఉండాలి. అలా చేస్తే ప్రాణం పోవచ్చని నీకు తెలిసి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి రుజువు కాకపోయినా ఇంత పెద్ద నేరం నిలబడదు. అన్నీ సర్కారు వకీలే రుజువు చెయ్యాలి. నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు, మామా. ఊరికే కూర్చోవడం నీకు రాదని తెలుసు. ఈ ఒక్కసారికి నేర్చుకో.

చివరి అంశమే వాళ్ళకు కష్టం. నీ మనసులో ఏముందో ఎవరూ తెరిచి చూపించలేరు కదా. అందుకని బయట కనిపించేవాటిని పేర్చుకుంటూ వస్తారు. కైలాసం కాక ఏటా నిన్ను ఎలా తిట్టేవాడో గల్లీ అంతా విన్నది. అదంతా పగ అని చూపించబోతున్నారు.

నీ తరఫున నిలబడే డానియేలు గారు నెమ్మదిగా మాట్లాడతారు గాని గట్టి వకీలు. ఆయన చెప్పినట్టు విను. ఆయన మీద కూడా ఏదో ఒక చిలిపి పని చేసి ఉంటావని నా అనుమానం. చెయ్యకు.

నీ కోడలు,
అభిజ్ఞ


చంచల్‌గూడ,
27 ఏప్రిల్ 2025

అభిజ్ఞ బిడ్డకు,

డానియేలు సాబ్‌తోని ఏం చెయ్యలే. ఆయన కోటుకు ఎన్క సున్నం అంటితె చెప్పలే, గంతే.

నీ చిట్టీ నాకు మస్తు సమజైంది. మా ఇద్దరికి పగ లేదని తేలితె కేసు ఖతం. నువ్వేమో ఊకె కూసో అంటవు. కైలాసం ముచ్చట నాకు గాక ఎవలికి ఎరుక? ఆడు లేడు. నేను ఊకె కూసుంటె ఎవలు చెప్తరు?

మొన్న విశాల్ సాక్ష్యం అయ్యింది. రాయి ఏసుడు చూసిన అన్నడు. అబద్ధం గాదు, చూసిండు. కైలాసం ఏమని తిట్టెటోడో చెప్పు అన్నడు సర్కారు వకీల్. విశాల్ చేతులు కట్టుకొని రేషన్ సామాన్లు చదివినట్టు చదువుడు మొదలుపెట్టిండు. "నీ చెయ్యికి చెదలు వట్ట. నీ గిన్నెల మన్ను వడ. నిన్ను కాకులెత్తుకపోను, మూసీల ఇడిసిపెట్టను." ఎనుకట కైలాసం అన్నప్పుడు రాగం తీసి అంటుండె బిడ్డా, చివరికి ఒక దగ్గు గూడ ఏస్తుండె. ఇక్కడ విశాల్ గంత సాఫ్‌గ చదువుతుంటె నాకు నవ్వు ఆగలే. బోనుల నిలవడి నవ్విన.

జడ్జి మేడమ్ తల ఎత్తి చూసింది. పక్కకు కూసున్నామెకు ఏదో చెప్పి టైపు కొట్టించింది. డానియేలు సాబ్ బయటికొచ్చినంక నా మొఖం గూడ చూడలే.

ఆగమ్మ వదినె గూడ ఉండె ఆడ. మంచిగున్నవా వదినె అన్న. కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది. అన్నం సరిగ తింటలేదేమో, చేతులు పుల్లల లెక్క అయినయి. కార్ఖానోళ్ళు ఆమెను జర చూస్తుండ్రా లేదా, అక్కను కనుక్కోమను.

మామ


నిజామాబాద్,
22 జూన్ 2025

మామా,

నవ్వినందుకు నీ మీద నాకు చాలా కోపం వచ్చింది. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. నువ్వు ఎందుకు నవ్వావో నాకు తెలుసు. ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. చనిపోయిన మనిషి తిట్లు విని ముద్దాయి నవ్వాడు, అంతే వాళ్ళకు కనిపించింది. పగ అని చెప్పడానికి సర్కారు వకీలు వెతుక్కుంటున్న వస్తువు నువ్వే పళ్ళెంలో పెట్టి ఇచ్చావు.

అయినా ఈ నెల మనకు మంచిగానే గడిచింది. డాక్టరు సాక్ష్యం చదివాను. తలకు తగిలిన దెబ్బ రాయి వల్ల కావచ్చు, నిచ్చెన మీద నుంచి పడటం వల్ల కావచ్చు, ఏదని కచ్చితంగా చెప్పలేనన్నారు. ఆగమ్మ చిన్నమ్మ సాక్ష్యం కూడా చదివాను. తను వంటింట్లో ఉన్నదట. కైలాసం కాక నిచ్చెన ఎప్పుడు ఎక్కాడో, బట్టలు తేవడానికి ఎక్కాడో ఇంకెందుకు ఎక్కాడో తనకు తెలియదన్నది. మీ ఇద్దరికీ పడదని మాత్రం చెప్పింది. ఆ మాట నీకు నొప్పిగా ఉంటుంది. కాని కేసుకు పెద్ద నష్టం లేదు, ఎందుకంటే గొలుసులో ఒక ముక్క వాళ్ళ దగ్గర లేదు. ఏ సాక్షీ ఇవ్వలేకపోయాడు. అది ఏదో ఇక్కడ రాయను. అది లేకుండా వాళ్ళు ముందుకు పోలేరు.

సాక్షులంతా అయ్యాక జడ్జి గారు నిన్నే నేరుగా ప్రశ్నలు అడిగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. నీకు అది ఎంత కష్టమో నాకు తెలుసు.

కార్ఖానా వాళ్ళు ఆగమ్మ చిన్నమ్మకు బియ్యం పంపుతున్నారట. అమ్మ రెండుసార్లు వెళ్ళింది. తలుపు తియ్యలేదట. మూడోసారి కిటికీలోంచి అడిగిందట, "మీ తమ్ముడు మా ఆయన మీద గంత పగ ఎందుకు పట్టిండు?" అని.

అభిజ్ఞ


చంచల్‌గూడ,
28 ఆగస్టు 2025

అభిజ్ఞకు,

నిన్న చవితి. ఇక్కడ గూడ గణపతిని నిలవెట్టిన్రు. నేను పెయింటర్ అని ఎరుకైనంక కండ్లు నన్నే పెట్టమన్నరు. పెట్టిన. పూజకు వచ్చినోళ్ళందరు నన్నే చూస్తుండు దేవుడు అన్నరు. మందిల ఎటు నిలవడితె అటు చూసెటట్టు పెడత గద నేను. పొద్దుగూకకముందే లోపలికి తోలి తాళమేసిన్రు. ఈసారి చంద్రుడు లేడు, రాయి లేదు, తిట్టెటోడు లేడు.

నీ పోయిన చిట్టీ జేబుల పెట్టుకొని తిరుగుతున్న. ఆగమ్మ వదినె కిటికీలకెల్లి అడిగిన మాట దగ్గరికి రాంగనే ముందుకు చదవబుద్ధి అయితలేదు.

ఒక ముక్క దొరుకుతలేదని రాసినవ్ గద. అది ఏందో నాకు ఎరుకే. నా కాడ ఉన్నది. ఎవలికీ ఎరుక లేదు, ఆగమ్మ వదినెకు గూడ. చెప్త ఇను.

కైలాసం నా మీద కోపంతోని తిట్టకపోయేది. చవితి నాడు నా రాయి కోసం కూసుంటుండె. మొదట్ల లోపటికెల్లి ఉరికొచ్చి తిట్టెటోడు. తర్వాత మోకాళ్ళు పట్టుకుంటే ఉరుకుడు కాలేదు. అందుకని పొద్దుగూకకముందే ఎన్క స్లాబు మీదికి ఎక్కి, గోనెసంచి ఏసుకొని, రేకులకు పక్కకే కూసునెటోడు. మీదికెల్లి తిడితె బహదూర్‌పురా దాంక ఇనవడాలె అనేటోడు. వదినెకు చెప్తె నిచ్చెన ఎక్కనియ్యదని చెప్పకపోయేది. ఆడు మీద రెడీగ ఉన్నడు అంటెనే నేను రాయి తీస్త. గా రోజు గూడ కార్ఖానల రంగు కలుపుకుంట, "జల్ది వచ్చి ఎక్కి కూసుంట, ఈసారి కొత్త తిట్లు తయారు చేసిన" అన్నడు.

తిట్టు రాకపొయ్యెసరికి, ఆని నోరు తెరిపియ్యాలని రెండోది జర పెద్దది తీసుకున్న.

గిది మేడమ్ ముంగట చెప్తె పగ అన్న మాటనే గాయబ్. ఎవలన్న పగోని రాయి కోసం నిచ్చెన ఎక్కి కూసుంటరా? డానియేలు సాబ్‌కు ఇంకా చెప్పలే, చెప్తె వద్దంటడు. ఆయనకు అన్నిటికి వద్దనుడే పని. అందరికి ఒక్కసారే చెప్త, చూడు, ఆయన గూడ ఖుషీ అయితడు.

ఫికర్ చెయ్యకు. నీ మామ ఈసారి మజాక్ చేస్తలేడు.

నగేష్


నిజామాబాద్,
1 అక్టోబర్ 2025

మామా,

నీ ఉత్తరం ఈరోజు సాయంత్రం చేరింది. నేను గది మారాను, నీకు కొత్త చిరునామా రాయలేదు. పాత ఇంటామె కూతురి దగ్గరికి వెళ్ళి వచ్చి ఇవాళే ఇచ్చింది. నాదే పొరపాటు. జాగ్రత్త పడుతున్నానని ఆ ముక్క పేరు రాయకపోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇప్పుడు ఎవరు చదివినా సరే, విప్పి రాస్తున్నాను.

వాళ్ళ దగ్గర లేనిది స్నేహం కాదు, పగా కాదు. ఆ సమయంలో పైన మనిషి ఉన్నాడని నీకు తెలుసు అనే రుజువు. ఖాళీ రేకుల మీద రాయి వేసినవాడు బాధ్యత లేనివాడు, అంతే. మసక చీకట్లో మనిషి కూర్చున్నాడని తెలిసి, అతని పక్కకు రాయి వేసినవాడు, జవాబు రాకపోతే ఇంకా పెద్దది వేసినవాడు వేరు. ఇన్ని నెలలుగా ఒక్క సాక్షీ నిన్ను ఆ రెండోవాడి చోట నిలబెట్టలేకపోయాడు. పగ లేదని చూపించబోయి నువ్వే వెళ్ళి అక్కడ నిలబడతానంటున్నావు. పగ లేకపోయినా నేరం ఉంటుంది మామా. తెలిసి చేశావన్నది చాలు.

నిన్ను ప్రశ్నించేది సోమవారమే. డానియేలు గారికి ఫోన్ చేశాను. పొద్దున్నే కోర్టులో నిన్ను పట్టుకుంటానన్నారు. రేపు పండుగ, టపా కదలదు. ఇది నీకు ముందే చేరాలని మొక్కుకుంటున్నాను.

కాక మిద్దె ఎక్కిన సంగతి నీకు తెలియదు. ఇంకేమీ అనకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అభిజ్ఞ


చంచల్‌గూడ,
6 అక్టోబర్ 2025

అభీ,

నీ చిట్టీ ఇయ్యాల కోర్టుకెల్లి వచ్చినంక చేతికిచ్చిన్రు. ముందు కోర్టు ముచ్చట రాస్త, చిట్టీ చదవకముందు నేను ఎట్ల ఉంటినో గట్లనే.

పొద్దుగాల డానియేలు సాబ్ వరండల దొరికిండు. అటు ఇటు పోలీసోళ్ళు, నిమిషం గూడ నిలవడనియ్యలే. చెవిల చెప్పిండు: ఏది అడిగినా తెల్వదు అను, లేకుంటె అబద్ధం అను, మిద్దె ముచ్చట అసలే తియ్యకు. సరే అన్న. నిజంగనే సరే అనుకున్న బిడ్డా.

మేడమ్ ఒక్కొక్క సాక్షి చెప్పింది చదివి, దీనికేమంటవ్ అని అడిగింది. డాక్టర్ మాటకు తెల్వదన్న. విశాల్ మాటకు తెల్వదన్న. మంచిగ నడుస్తుండె. గప్పుడు ఆగమ్మ వదినె సాక్ష్యం వచ్చింది. మీ ఇద్దరికి పడకపోయేదని, ఆమె భర్త మీద నువ్వు పగ పట్టినవని చెప్పింది, ఏమంటవ్?

అబద్ధం అన్న.

అన్నంక ఎన్కకు చూసిన. ఆమె ఆఖరు బల్ల మీద కూసున్నది. కోపంగ చూడలే. పది మందిల దొంగతనం అంటగట్టినట్టు తల దించుకున్నది. ఆమె ఎన్నడు అబద్ధమాడిన మనిషి గాదు. ఆమెకు ఎరుక లేదు, గంతే. ఏడాది సంది పగోడు చంపిండనుకుంట ఒక్కతే ఇంట్ల కూసున్నది.

చివరికి మేడమ్ ఇంకేమన్న చెప్పుకునేది ఉన్నదా అన్నది. ఏం లేదు అనాలె. నోట్ల రెడీగ ఉండె. కాని అన్న, "మేడమ్, వదినె అబద్ధం చెప్పలే. ఆమెకు ఎరుక లేదు. కైలాసం నా రాయి కోసమే మిద్దెక్కి కూసునెటోడు. గా రోజు గూడ కూసున్నడు."

డానియేలు సాబ్ లేచి నిలవడ్డడు. మేడమ్ చెయ్యి ఎత్తి ఆయనను కూసోమన్నది. మెల్లగ అడిగింది.

"ఆయన పైన ఉన్నట్టు మీకు తెలుసా?"

"ఎరుకే మేడమ్."

"రెండో రాయి వేసినప్పుడు కూడా?"

"గప్పుడు గూడ ఎరుకే. నవ్వు ఆపుకుంట కూసున్నడనుకున్న."

గోనెసంచి ముచ్చట, మోకాళ్ళ ముచ్చట, పెద్ద రాయి ముచ్చట అన్ని చెప్పిన. పొద్దటి సంది ఫోన్ చూసుకుంట కూసున్న సర్కారు వకీల్ గబగబ కలం తీసి రాసుకునుడు మొదలుపెట్టిండు. నాకు మస్తు ఖుషీ అయ్యింది. చూడు, ఆయనకు గూడ సమజైతున్నది అనుకున్న. డానియేలు సాబ్ మాత్రం ఫైలు మూసి దాని మీద రెండు చేతులు పెట్టుకున్నడు.

వరండల ఆగమ్మ వదినె దగ్గరికి వచ్చింది. పోలీసాయన జరగమన్నా జరగలే. "నాకు చెప్పకుండ ఎక్కుతుండెనా?" అన్నది. చెప్తె ఎక్కనియ్యవని దాచిండు అన్న. "ఏం కొత్త తిట్లు తయారు చేసిండో నీకన్న చెప్పిండా?" అన్నది. చెప్పలేదన్న. గోడకు ఒరిగి నిలవడి ఏడ్చింది. ఏడాది సంది నన్ను చూసి మొఖం తిప్పుకునుడే చూసిన. నా ముంగట ఏడ్చుడు ఇదే మొదటిసారి.

వ్యాన్‌ల పాట పాడుకుంట వచ్చిన. వచ్చినంక నీ చిట్టీ ఇచ్చిన్రు.

మల్ల మల్ల చదివిన. ఇప్పుడు సమజైంది. వాళ్ళకు ఏడాది సంది దొరకని ముక్క నేనే తీస్కపోయి చేతుల పెట్టిన. ఖుషీతోని పెట్టిన. నువ్వు గది మారినందుకు నువ్వు ఏడ్వకు. డానియేలు సాబ్ చెవిల చెప్పనే చెప్పిండు, ఇనంది నేను.

చిట్టీ నిన్ననే అంది ఉంటే ఏం చేస్తుంటినో అని పొద్దుగూకిన సంది ఆలోచిస్తున్న. ఆడు మిద్దెక్కిన సంగతి ఎరుక లేదు అని చెప్పుమన్నవ్. గట్ల ఎట్లంటనే? ఎరుక లేదు అంటె, ఆడు నా కోసం కూసోలేదు అన్నట్టే గద. ఆగమ్మ వదినె మల్ల పగోని ముచ్చటతోనే ఇంటికి పోతుండె.

పదేండ్లు అంటె నాకు అరవై దాటుతయి. చెయ్యి వణుకుతది, కండ్లు పెట్టుడు కాదు. గది ఒక్కటి తలుచుకుంటె జర భయమైతున్నది. నీకే రాస్తున్న, అక్కకు చదవకు.

వాదనలు ఈ వారంల అయిపోతయట. తీర్పు దీపావళి దాటినంక. అక్క వస్తనంటె ఏదో ఒకటి చెప్పి ఆపు. నువ్వు రా. నా దిక్కు ముంగట కూసోకు. ఆఖరు బల్ల మీద ఆగమ్మ వదినె పక్కకు కూసో. ఆమె ఒక్కతే వస్తది.

మామ